వెనక్కి పోకూడని జీపు

మా పెండ్లి 1956 వైశాఖంలో, ఒక బుధవారం. నన్ను అత్తగారింటికి తీసుకుపోయింది మరునాడు, గురువారం. జీపు కడపలో మా ఇంటి ముందు నుంచి కదిలేటప్పటికి టైము పదకొండూ ఐదు. ఇంత కచ్చితంగా ఎట్లా చెబుతున్నానంటే, మా నాయన అల్లుడికి పెట్టిన కొత్త చేతిగడియారం నా భర్త ఎడమ చేతికి ఉండింది. ఆయన ముందు సీట్లో కూర్చుని ఆ చెయ్యి సీటు మీదుగా వెనక్కి వేసుకున్నాడు. తల వంచుకుని కూర్చోవలసిన పెండ్లికూతురికి చూడడానికి దొరికింది ఆ గడియారం ఒక్కటే.

జీపు మా మామది. యుద్ధం అయిపోయాక మిలటరీవాళ్ళు వేలం వేసినవాటిలో ఒకటి. నడుపుతున్నది బావ, అంటే నా భర్తకు అన్న. వెనక ఎదురెదురు బల్లలు. ఒకదాని మీద మా అత్త, రెండోదాని మీద నేనూ వదినా. వదిన నా భర్తకు అక్క, ఆమెను పుట్టిన ఊళ్ళోనే ఇచ్చారు. మిగతావాళ్ళు మామతో పాటు తెల్లవారకముందే బస్సులో చుట్టుదారిన వెళ్ళిపోయారు, ఇంటి దగ్గర హారతి పనులు చూడడానికి. అత్తగారి ఊరు బద్వేలు దగ్గర. మా ఇంటి నుంచి ముప్ఫయ్యొక్క మైళ్ళు. ఒకటిన్నరకు రాహుకాలం మొదలవుతుంది, ఆ లోపల నేను గడపలో కుడికాలు పెట్టాలి. ముప్ఫయ్యొక్క మైళ్ళకు రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. మధ్యలో పెన్నేటి ఇసుక, ఆ తర్వాత ఒక చిన్న కనుమ, కొండల మధ్య దారి.

ఆ ఇంట్లో రెండు కట్టుబాట్లు ఉండేవి. కొత్త కోడలిని తెచ్చే బండి ఒక్క జానెడు కూడా వెనక్కి నడవకూడదు. ఒడిబియ్యం కట్టుకున్న పిల్ల దారిలో నేల మీద కాలు పెట్టకూడదు. అందుకే నేను ఎక్కకముందే నలుగురు మనుషులు జీపును తోసి, ముఖం ఊరివైపు తిప్పి నిలబెట్టారు.

ఈ కట్టుబాట్లంటే నాకు భయం కలగడానికి కారణం బావ భార్య. ఆమెను పెండ్లికి తీసుకురాలేదు. ఎనిమిదేళ్ళ కిందట ఆమె ఆ గడప తొక్కిన రోజే కాడెద్దు ఒకటి కళ్ళంలో కూలబడి చచ్చిపోయింది. ఎండదెబ్బ తగిలి ఉంటుంది. కానీ ఆనాటి నుంచి ఆమె పేరు ఎద్దును మింగిన కోడలు. పసుపు కొట్టేచోట, పేరంటంలో, పొలంలో మొదటి విత్తనం వేసేచోట ఆమెను వెనక్కి నిలబెడతారని సంబంధం మాట్లాడేటప్పుడే మా మేనత్త నాకు చెప్పింది. చెప్పి, "జాగ్రత్తగా పో" అంది. దారిలో జరిగే వాటికి జీపులో మూటలాగా కూర్చున్న పిల్ల ఏం జాగ్రత్త పడుతుందో ఆమె చెప్పలేదు. ఆ రోజు దారిలో ఏది జరిగినా అది నా పేరుకు అంటుకుంటుంది, ప్రాణం ఉన్నంత వరకు ఉంటుంది. నాకు అప్పటికి పద్దెనిమిదేళ్ళు.

మా నాయన కాలవ పనుల దగ్గర జీపు డ్రైవరు. ఆయనకు అక్షరాలు కష్టం. నా పదకొండో ఏట నుంచి పెండ్లి దాకా ఆయన బండి పుస్తకం నేనే రాశాను. ఎన్ని మైళ్ళు, ఎన్ని గ్యాలన్లు, ఏ రోజు ఏ భాగం విప్పారు అన్నీ ఆయన చెప్పేవాడు, నేను రాసేదాన్ని. నేను బండి తోలలేదు, ఒక్కసారి కూడా. కానీ మామ జీపులాంటిదే అయిన ఆ మిలటరీ జీపు కడుపులో ఏముందో నాకు తెలుసు.

నన్ను ఎక్కించేటప్పుడే ఒక సంగతి చూశాను. పెండ్లికని ముందు చక్రాలకు మాత్రం కొత్త టైర్లు వేశారు. ఊరేగింపులో జనానికి కనబడేవి ముందు చక్రాలే కదా. వెనకవి పాతవే, అరిగి అరిగి నా అరచెయ్యిలాగా నున్నగా ఉన్నాయి. అప్పుడు నేను ఏమీ అనుకోలేదు.

పెన్న ఒడ్డుకు చేరేటప్పటికి పదకొండూ యాభై అయిదు. అర మైలు ఇసుక. ఆ జీపుకు పెద్ద గేరు పక్కన రెండు చిన్న లివర్లు ఉంటాయి. ఒకటి ముందు చక్రాలకు కూడా ఇంజను బలం ఇచ్చేది, రెండోది నడక తగ్గించి బలం పెంచేది. బావ రెండూ వేశాడు. ఇసుకలో ఆయన చెయ్యి మంచిది. ఎక్కడా ఆపకుండా, స్టీరింగు అటూ ఇటూ గట్టిగా తిప్పకుండా పన్నెండూ ఐదుకి అవతలి గట్టు ఎక్కించాడు. ఎక్కాక నడక లివరు తీశాడు. ముందు చక్రాల లివరు మాత్రం తీయలేదు.

"అన్నా, అది తీయవా?" అన్నాడు నా భర్త. ఆ రోజు ఆయన నోటి నుంచి నేను విన్న మొదటి మాట అది.

"ఉండనీలేప్పా. ముందర కనుమ ఉండాది కదా. ఎక్కేదానికి బలంగా ఉంటాది."

అది తప్పు. మా నాయన బండి పుస్తకం వెనక అట్ట లోపలివైపు నాచేత రాయించిన వాటిలో మొదటిదే అది: ఇసుకలోనో బురదలోనో దిగేముందు చక్రాలు నేరుగా పెట్టి లివరు వెయ్యి, గట్టినేల తగిలిన మొదటి చోటే తీసెయ్. గట్టి రోడ్డు మీద అది వేసుకుని తిరగకూడదు. ఎందుకో అడిగితే ఆయన తడిచీర చూపించాడు. ఇద్దరు చెరొక కొసా పట్టుకుని పిండితే మధ్యలో మెలి పడుతుంది. లివరు వేసినప్పుడు ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే లెక్కన తిరగాలి. నేల మీద అవి నడిచే దూరం ఒకటి కాకపోతే ఆ తేడా ఎటన్నా పోవాలి. ఇసుకలో చక్రం జారి ఆ తేడా పోతుంది. కంకర రోడ్డు మీద సరిగా జారదు, లోపలి కడ్డీల్లో మెలి అయి కూర్చుంటుంది. మెలి పడ్డాక లివరు రాదు. స్టీరింగు బిగుసుకుపోతుంది. దాన్ని అట్లాగే లాగితే ఏదో ఒకటి విరుగుతుంది.

రోడ్డు చాలావరకు నేరుగా ఉంది కాబట్టి మెలి తక్కువ పడాలి. అయినా రెండు మైళ్ళకే జీపు కింద నుంచి గుర్రుమనే మోత మొదలైంది. అప్పుడు నాకు టైర్లు గుర్తొచ్చాయి. లెక్క వేశాను. చేతివేళ్ళు ఒడిబియ్యం మూట కింద ఉన్నాయి కాబట్టి నేను లెక్కపెట్టడం ఎవరికీ కనబడలేదు. కొత్త టైరు చుట్టుకొలత ఏడడుగుల నాలుగంగుళాలు, మా నాయన పురికొసతో కొలిపించింది. మైలుకు ఏడు వందల ఇరవై చుట్లు. అరిగిన టైరు చుట్టుకు అంగుళంన్నర తక్కువ నడుస్తుందనుకుంటే మైలుకు తొంభై అడుగులు. అంటే మలుపు ఒక్కటి లేకపోయినా ప్రతి మైలుకూ ముందు చక్రాలు తొంభై అడుగులు ఎక్కువ పోవాలని చూస్తాయి, వెనకవి పోనివ్వవు. ముందర కనుమ. నాలుగు మలుపులు, ఒక పక్క లోయ.

నేను నోరు తెరవడానికి లేదు. ఎదురుగా అత్త, ముందర బావ. గడప తొక్కని కోడలు బావ వినేటట్టు మాట్లాడడం ఆ రోజుల్లో ఊహకు కూడా రాదు. ఎండకు జీపు రేకు పెనంలాగా ఉంది. బాసికం తాడు నుదుటిని కోస్తోంది. ఒకటి, రెండు, మూడు అని రాళ్ళు లెక్కపెట్టాను, మైలురాళ్ళు. తొమ్మిదో రాయి దాటాక, కనుమ మొదట్లో, ఒక మోరీ దగ్గర రోడ్డు కుడికి తిరిగింది. జీపు తిరగలేదు.

బావ రెండు చేతులతో, భుజంతో స్టీరింగును తోశాడు. ముందు చక్రాలు కిర్రుమంటూ నేరుగానే ఈడ్చుకుపోయాయి. బ్రేకు పడేటప్పటికి ఎడమ చక్రం రోడ్డు దిగి మట్టిలో ఉంది. మోరీ గట్టు ఇంకా మూడడుగుల దూరంలో ఉంది. టైము పన్నెండూ ముప్ఫై ఎనిమిది.

మా అత్త, "ఏందిరా ఇది?" అంది. బావను అడిగింది గానీ చూసింది నన్ను.

బావ లివరు లాగాడు. రాలేదు. కాలితో తన్నాడు. దిగి ఒక రాయి తెచ్చి కొట్టాడు.

"రాయితో కొడితే విరుగుతాది కదన్నా," అన్నాడు నా భర్త.

"నువ్వు గమ్మున కూచోప్పా. పెండ్లికొడుకువి. రెండు గజాలు వెనక్కి పోతే అదే వదుల్తాది. మిలటరీ మేస్త్రీ చెప్పినాడు నాకు." ఆయన పెద్ద గేరు వెనక్కి పోయేదాంట్లో వేశాడు.

బావ చెప్పింది నిజమే. చక్రాలు నేరుగా పెట్టి కొంచెం వెనక్కి పోతే మెలి విడిపోతుంది, లివరు ఊడి వస్తుంది. అట్ట లోపల రెండోది అదే. కానీ మా అత్త వంగి ఆయన చొక్కా పట్టుకుంది.

"రేయ్! వెనక్కా? పిల్లను పెట్టుకుని వెనక్కా పోతావు?"

"రెండు గజాలేమ్మా."

"రెండు గజాలైతే వెనక్కి కాదా? నీ పెండ్లాం వచ్చిన్నాడు ఏం జరిగిందో మర్చిపోయినావా? నా ఇంటికి ఇంకొకటి వద్దు నాయనా."

బావ గేరు తీసేశాడు. ఆయన మెడ వెనక చెమట కారుతోంది. భార్య మాట ఎత్తినందుకు ఆయన తల్లికి ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. అప్పుడు నా పరిస్థితి నాకు పూర్తిగా అర్థమైంది. వెనక్కి పోతే నేను అరిష్టం తెచ్చినదాన్ని. పోకపోతే నా మూలంగా జీపు దారిలో విరిగింది. దిగి నడిచిపోదామంటే ఒడిలో బియ్యం.

అట్ట లోపల మూడోది ఉంది. వెనక్కి పోయే చోటు లేకపోతే, ముందు చక్రం ఒకటి నేల నుంచి లేపు.

నేను వదిన చెవి దగ్గరికి వంగాను. "వదినా, ముందు చక్రం ఒకదాన్ని పైకెత్తమని చెప్పు."

"ఏంటికి?"

"ఎత్తితే మెలి పోతాది. లివరు వచ్చేస్తాది. జీపు వెనక్కి పోనక్కర్లేదు."

వదిన నా ముఖంలోకి చూసింది. "నువ్వు జీపు సంగతేనా చెప్తాండేది?"

"జీపు సంగతే."

ఆమె ఇంకేమీ అడగలేదు. గొంతు పెంచింది. "అన్నా, ముందు చక్రం ఒకటి ఎత్తు. అదే వస్తాది."

బావ వెనక్కి తిరిగాడు. "నీకెవరు చెప్పినారమ్మీ? గరిటె తిప్పేదానికి జీపు పని ఎట్ల తెలిసె?"

"గరిటె తిప్పేదాని మాట వినకుంటే, పో, ఆ రాయే తిప్పుకో."

నా భర్త నవ్వాడు. బావ నవ్వలేదు. "జాకీ ల్యా. ఇంట్లో గాదె కింద ఉండాది. చెదలు పడతాదని మొన్న దాంతోనే గాదె ఎత్తి పెట్టినాం కదా."

అందువల్ల మళ్ళీ కూర్చున్నాం. పన్నెండూ యాభైకి వెనక నుంచి బండ్లు వచ్చాయి. మూడు ఎద్దులబండ్లు, ఎవరి ఇంటికో కడప బండలు తోలుకుపోతున్నాయి. ముందు బండి మీద తలగుడ్డ చుట్టుకున్న ముసలాయన ఎద్దులను ఆపి మమ్మల్ని చూశాడు.

"ఏమప్పా, పెండ్లిబండి అలిగినట్టుండాదే. మా ఎద్దుల్ని కట్టమంటావా?"

ఎద్దుల మాట వినగానే అత్త ముఖం మాడిపోయింది. బావ దిగిపోయి ఆయనకు సంగతి చెప్పాడు. బండలు ఎత్తేవాళ్ళకు బరువు లేపడం పెద్ద పని కాదు. వాళ్ళ దగ్గర గడ్డపారలు మూడున్నాయి. ఒక బండ దించి, జీపు ముందు ఇరుసు పక్కన అడ్డం పెట్టి, దాని మీద గడ్డపారలు ఆనించారు.

నేను వదిన చెవిలో ఒక్కొక్కటే చెప్పాను. ఆమె ఒక్కొక్కటే కేక వేసింది.

"వెనక చక్రాలకు ముందొకటి వెనకొకటి రాళ్ళు పెట్టండి! అన్నా, గేరు తీసెయ్, ఊరికే ఉండాల! ఎడమ చక్రం వద్దు, మట్టిలో దిగిండాది, కుడిది ఎత్తండి!"

"ఈయమ్మ మేస్త్రీ మాదిరి ఉండాదే," అన్నాడు ముసలాయన. ఆయన మనుషుల్లో ఒకడు టైరుకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు, లేచేటప్పుడు పట్టుకుందామని. ఈసారి వదిన చెవిలో కాదు, పైకే వచ్చేసింది మాట: "చెయ్యి తీయమను!"

వదిన వెంటనే అంతకంటే పెద్దగా అరిచింది. "చెయ్యి తియ్ అన్నా! అది దానంతటదే తిరుగుతాది!"

అతను చెయ్యి తీశాడు. గడ్డపారలు దిగాయి. జీపు ఒరిగింది. నేను వదిన మీదికి, వదిన రేకు మీదికి. ఒడిబియ్యం మూట నా కడుపులో గుచ్చుకుంది. చక్రం నేలను వదిలిన క్షణంలో టప్పుమని శబ్దం, చక్రం గిర్రున దానంతటదే తిరిగి ఆగింది. చెయ్యి అక్కడే ఉంటే మణికట్టు మిగిలేది కాదు.

"ఓరి దీని! దయ్యం గాని పట్టినాదా?" అన్నాడు ముసలాయన, రెండడుగులు వెనక్కి వేసి.

ఆ మాట అత్త వింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఇంక నా పని అయిపోయింది అనుకున్నాను. ఎద్దు కాకపోతే దయ్యం.

"దయ్యం ఏంది పెద్దాయనా, మెలి అది," అంది వదిన. "పిండిన చీర కొస వదిల్తే తిరగదా?" చీర సంగతి నేను ఆమెకు ఎప్పుడు చెప్పానో నాకే తెలియదు. ఒరిగిపోతూ చెప్పి ఉంటాను.

లోపల బావ క్లచ్చి తొక్కి లివరు పట్టుకున్నాడు. రెండు వేళ్ళతో వచ్చింది. ఆయన దాన్ని వేసి, మళ్ళీ తీసి చూశాడు. మళ్ళీ వచ్చింది. చక్రం దించేటప్పుడు గడ్డపారలతోనే జీపు ముక్కును రోడ్డు వైపుకు జరిపారు.

"కదలద్దు," అంది మా అత్త. "ముందు నాకొకటి చెప్పండి. ఆ చక్రం తిరిగింది కదా. ముందుకు తిరిగిందా, వెనక్కి తిరిగిందా?"

ఎవరూ దాని గురించి ఆలోచించలేదు. నేను కూడా. కుదుపులో నాకు చక్రం కనబడలేదు. కానీ కొత్త టైరు పెద్దది, పాతది చిన్నది. కాబట్టి ముందు చక్రాలు ఇంజను అడిగినన్ని చుట్లు తిరగలేక వెనకబడి ఉంటాయి, వదిలితే ఆ బాకీ చుట్టు ముందుకే తిరగాలి. లెక్క ప్రకారం ముందుకే. కానీ పల్లెటూళ్ళో ఒక అత్తకు లెక్క చెప్పి ఒప్పించడం ఎవరి తరం? అందరూ ముసలాయన వైపు చూశారు. ఆయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకుని తాపీగా చెప్పాడు.

"చక్రం డిప్ప మీద మీరు పెట్టిన బొట్టు ఉండాది చూడమ్మా. పైన ఉండింది. తిరిగినాక ఇదో, ముందరికి దిగింది. నా కండ్లారా చూసినా. ముందుకే."

"ఒట్టు?"

"నా ఎద్దుల మీద ఒట్టు."

మా అత్త దండం పెట్టింది, ముసలాయనకో, బొట్టుకో తెలియదు. అప్పుడు టైము ఒకటీ పన్నెండు.

బావ స్టీరింగు పట్టుకున్నాడు. తల తిప్పకుండా అన్నాడు. "అమ్మీ, కనుమలో మళ్ళా వెయ్యచ్చునేమో అడుగు."

ఆయన 'చెప్పు' అనలేదు, 'అడుగు' అన్నాడు. నేను విన్నాను. వదినా విన్నది. నేను వేలితో వద్దన్నట్టు ఆమె చేతిమీద గీశాను.

"వద్దు. రోడ్డు పొడిగా ఉండాది. కింది గేరులో నిదానంగా ఎక్కు," అంది వదిన.

నిదానంగానే ఎక్కాం. నాలుగు మలుపులూ తిరిగింది. ఊరి పొలిమేర చేరేటప్పటికి ఒకటీ నలభై ఎనిమిది. పద్దెనిమిది నిమిషాలు ఆలస్యం. రాహుకాలం వచ్చేసింది. మూడు దాకా లోపలికి పోయేదానికి లేదు. డెబ్బై రెండు నిమిషాలు నేను ఆ జీపులోనే, ఎండలో, ఒడిలో బియ్యంతో కూర్చున్నాను. బావా, నా భర్తా దిగి చెట్టు నీడకు పోయారు. అత్త దిగింది. నాతో మిగిలింది వదిన ఒక్కతే. ఆమె తన కొంగు నా తల మీద పట్టుకుంది, చెయ్యి మార్చుకుంటూ.

మామ వచ్చాడు. ఆలస్యం ఎందుకైందని అడిగాడు. అత్త అంతా చెప్పింది. జీపు ఒక్క జానెడు కూడా వెనక్కి పోలేదని, చక్రం కూడా ముందుకే తిరిగిందని, బండల బండాయన ఒట్టు పెట్టాడని మూడుసార్లు చెప్పింది.

మామ విని, "చక్రం ఎత్తమని ఎవరు చెప్పినారు?" అన్నాడు.

బావ చెట్టు కింద నుంచి రోడ్డు వైపు చూశాడు. గడప తొక్కకముందే మగవాళ్ళ పనిలో నోరు పెట్టిన కోడలంటే అది ఇంకొక పేరు. అత్త నోరు తెరిచింది. ఆమె ఏం చెప్పబోయిందో నాకు తెలియదు. నేను అరిచిన మాట ఆమె చెవిన పడిందో లేదో కూడా తెలియదు.

"నేనే నాయనా," అంది వదిన.

"నీకెట్ల తెలుసు?"

"అన్న పక్కన ఇన్నేండ్లు జీపులో పోతాండా. చూసి నేర్చుకుంటే రాదా?"

మామ తల ఊపాడు. మూడూ నాలుగుకి నేను లోపలికి పోయాను. ఎద్దులన్నీ బతికే ఉన్నాయి. నాకు ఏ పేరూ రాలేదు.

ఆ జీపు ఆ ఇంట్లో ఇంకా పదకొండేళ్ళు ఉంది. ఇసుకలోకి పోయేముందు, లివరు బిగిస్తే, కింద ఏదైనా మోత వస్తే బావ చెల్లెలిని పిలిపించేవాడు. ఆమె వచ్చి జీపు చుట్టూ ఒకసారి తిరిగి, దాహమేస్తోందని వంటింట్లోకి వచ్చేది. నేను రొట్టె తడుతూనో, పప్పులో ఉప్పు వేస్తూనో చెప్పేదాన్ని. నీళ్ళు తాగి పోయి చెప్పేది. వెనకకు కూడా కొత్త టైర్లు వెయ్యమని మొదటి నెలలోనే చెప్పించాను. వేశారు. ఇట్లా ఇరవై మూడు సార్లు జరిగింది. ఊళ్ళో ఆమెకు జీపమ్మ అని పేరు పడింది. బావకు తెలుసు. ఒక్కసారి కూడా నన్ను నేరుగా అడగలేదు. అడిగితే అడిగినట్టు నలుగురికీ తెలుస్తుంది, తన భార్య ఆ ఇంట్లో ఎట్లా బతుకుతోందో చూసిన మనిషి ఆయన. నేనూ చెప్పలేదు. చెప్పి ఉంటే వదిన అబద్ధం చెప్పినట్టు అయ్యేది.

నాలుగో ఏడు అనుకుంటాను, ఆమె వంటింట్లోకి వచ్చి చెంబు పట్టుకుని పడీపడీ నవ్వింది. "మ్మే, మా అన్న నాకు జీపు తోలేది నేర్పుతాడంట. నాకు అంత తెలివి ఉండాదంట."

నాకు నవ్వు రాలేదు. పెనం మీద రొట్టె తిప్పాను.

"ఇసుకలో నేర్పమను," అన్నాను. "గట్టి రోడ్డు మీదికి వచ్చేముందు లివరు తీయమను."